బాసర కాదు, బస్రా

మా పెద్దమామ్మ భర్త బాసరలో చనిపోయాడని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఇంట్లో పెద్దవాళ్ళు "బసరాలో పోయాడు" అనేవాళ్ళు. నాకు తెలిసిన బాసర ఒక్కటే. సరస్వతి గుడి ఉన్న ఊరు, పిల్లలకి అక్షరాభ్యాసం చేయించే చోటు. అక్కడా గోదావరే, మా ఊళ్ళోనూ గోదావరే. మరి పైన పోయిన మనిషి ఏటి వెంట కిందికి కొట్టుకురాలేదేం అని ఒకసారి అడిగాను కూడా. మా నాన్న నవ్వలేదు. అట్లాసు తీసి ఇరాక్ చూపించి, "బాసర కాదమ్మా, బస్రా. అక్కడా నదులున్నాయి. కానీ అవి మన వైపు రావు" అన్నారు.

పెద్దమామ్మ అంటే మా తాతకి వదిన. పదహారేళ్ళకి కాపురానికొచ్చింది. ఎనిమిది నెలలు తిరక్కుండా ఆయన పట్టాళంలో చేరి వెళ్ళిపోయాడు. 1917లో ఆయన పోయిన కబురొచ్చింది. 1975లో ఆమె పోయింది. అంటే ఎనిమిది నెలల కాపురానికి యాభై ఎనిమిదేళ్ళ వైధవ్యం. ఆమె పోయేనాటికి నాకు పదిహేడేళ్ళు. ఒకే ఇంట్లో, ఒకే గదిలో పడుకుని పెరిగాను. అయినా ఆయన గురించి ఆమె నాతో చెప్పిన మాటలన్నీ ఏరి రాస్తే ఒక పోస్టుకార్డు నిండదు.

తరవాత నేను చరిత్ర చదువుకున్నాను. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి మొదటి ప్రపంచయుద్ధం పాఠం చెప్పాను. సెరాజివో హత్య, కూటములు, కందకాల యుద్ధం, వెర్సాయి సంధి, మార్కులొచ్చే కారణాలు, ఫలితాలు. మా ఇంటి మనిషి ఒక్కసారి కూడా నా క్లాసురూములోకి రాలేదు. 'మనకు తెలియని మన చరిత్ర' చదివి కళ్ళు తెరుచుకున్నాయని చెప్పుకునే దాన్నే నేను. తెలంగాణ పోరాటంలో ఆడవాళ్ళు ఏం చేశారో, ఏం పోగొట్టుకున్నారో వాళ్ళ నోటితోనే వినాలని ఆ పుస్తకం నేర్పింది. అది నేర్చుకుని కూడా, నా పక్క మంచం మీద పడుకున్న మనిషిని ఎందుకు అడగలేదు? ఈ వ్యాసం రాయడానికి ఆ సిగ్గు ఒక కారణం.

ముందు పేరు సంగతి చెప్పాలి. మొగుడి పేరు నోటితో పలక్కూడదు అన్న ఆచారం ఇప్పటి పిల్లలకి వింతగా ఉంటుంది గానీ, మా పెద్దమామ్మ తరానికి అది ఊపిరంత మామూలు విషయం. కానీ ఏడాదికోసారి ఆ పేరుతో ఆమెకి అవసరం పడేది. తాలూకా ట్రెజరీలో పింఛను తీసుకోవాలంటే తను బతికే ఉన్నానని, మళ్ళీ మనువాడలేదని మునసబు చేత రాయించుకుని వెళ్ళాలి. అక్కడ గుమాస్తా, "మొగుడి పేరు?" అని అడిగేవాడు. ఆమె నేల చూపులు చూసేది. వెనక వరసలో వాళ్ళు విసుక్కునేవాళ్ళు. అందుకని ఆమె మా నాన్నని తోడు తీసుకెళ్ళేది. అప్పుడు నాన్నకి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. బళ్ళో ఎక్కం అప్పజెప్పినట్టు నాన్న వాళ్ళ పెదనాన్న పేరు గట్టిగా చెప్పేవారు. ఆ తరవాత గుమాస్తా పట్టాళం నంబరు అడిగేవాడు. అది మాత్రం ఆమే చెప్పేదట. అక్షరమ్ముక్క రాని మనిషి, ఇంగ్లీషు అంకెలు ఒక్కటి కూడా తడబడకుండా చెప్పేదట.

అంటే మా ఇంట్లో ఆ పేరు నిలిచింది ఒక పిల్లాడి నోట. అది కూడా ఒక గుమాస్తా అడిగాడు కాబట్టి. మా తమ్ముడు పుట్టినప్పుడు ఆ పేరే పెట్టారు. పెద్దమామ్మ వాణ్ణి జీవితాంతం "అబ్బాయ్" అనే పిలిచింది. వాడి పేరు కాబట్టి ఇక్కడ నేనూ రాయడం లేదు.

ఆయన ఎందుకు వెళ్ళాడు? దేశం కోసం కాదు. అప్పుడు దేశం మనది కాదు. రాజు మీద భక్తితోనూ కాదు. మా ఇంట్లో చెప్పుకునేది ఒక్కటే, అప్పు. అప్పట్లో సిపాయి జీతం నెలకి 11 రూపాయలు. కూలి మీద బతికే ఇంటికి నెల నెలా చేతికొచ్చే 11 రూపాయలంటే చిన్న మాట కాదు. మా ఊరేమీ తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరంలా పట్టాళానికి పేరుపడ్డ ఊరు కాదు. మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. తరతరాలుగా ఇంటి నించి ఒకరైనా సైన్యంలోకి వెళ్ళిన ఊరది. మా ఊరి నించి వెళ్ళింది వేళ్ళ మీద లెక్కపెట్టే మంది. వాళ్ళని గుర్తుపెట్టుకునే స్తంభం కూడా ఊళ్ళో లేదు.

తెలుగువాళ్ళకి పట్టాళం కొత్త కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైపు పోగుచేసిన సిపాయిల్లో తెలుగువాళ్ళు చాలామంది. 1756లో క్లైవు బెంగాల్ మీదికి వెళ్ళినప్పుడు మద్రాసు సిపాయిల్ని వెంట తీసుకెళ్ళాడు. వాళ్ళని చూసి ఉత్తరాది జనం సిపాయిని 'తిలంగా' అనడం మొదలుపెట్టారు. ఆ మాట ఎంత స్థిరపడిందంటే, నూరేళ్ళ తరవాత 1857 తిరుగుబాటులో ఢిల్లీ చేరిన అవధ్, బీహార్ సిపాయిల్ని కూడా ఢిల్లీ వాళ్ళు తిలంగాలనే అన్నారు. ఒక జాతి పేరు ఉద్యోగం పేరుగా మారింది. అసలు తిలంగాల పేర్లు మాత్రం మనకెవరికీ తెలియవు.

ఆ తరవాత ఆంగ్లేయులకి 'యుద్ధజాతుల' పిచ్చి పట్టింది. 1880లలో మద్రాసు సైన్యాధిపతిగా, ఆ తరవాత భారత సైన్యాధిపతిగా పనిచేసిన రాబర్ట్స్‌కి దక్షిణాది వాళ్ళు యుద్ధానికి పనికిరారని గట్టి నమ్మకం. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే రద్దవుతూ వచ్చాయి. పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లు మగాళ్ళు, మనవాళ్ళు కారు. మగతనాన్ని కులం లెక్కన, జిల్లా లెక్కన కొలిచి పట్టికలు వేసిన రోజులవి. 1914లో యుద్ధం వచ్చి మనుషులు చాలకపోయేసరికి, నిన్నటి దాకా పనికిరాని వాళ్ళు మళ్ళీ పనికొచ్చారు.

ఆయన చేరింది సాపర్లలో. పెద్దమామ్మ 'సఫర్‌మైనా' అనేది. అది పిట్ట పేరేమో అనుకునేదాన్ని. సాపర్స్ అండ్ మైనర్స్ అన్న మాటకి సిపాయిల నోట పడ్డ రూపమది. బెంగుళూరులో వాళ్ళ కేంద్రం. కందకాలు తవ్వడం, దారులు వేయడం, ఏటి మీద పడవలు కట్టి వంతెన నిలబెట్టడం వాళ్ళ పని. తుపాకీ ఉంటుంది గానీ, చేతులు ఖాళీగా ఉంటే కదా పట్టుకోవడానికి.

ఆ యుద్ధానికి పదమూడు లక్షలకి పైగా భారతీయులు వెళ్ళారు. అందరికన్నా ఎక్కువమంది వెళ్ళింది ఫ్రాన్సుకి కాదు, మెసపొటేమియాకి, అంటే ఇప్పటి ఇరాక్‌కి. మొత్తం మందిలో ఐదున్నర లక్షలకి పైగా తుపాకీ పట్టనివాళ్ళే. కూలీలు, గాడిదలు తోలేవాళ్ళు, డోలీలు మోసేవాళ్ళు, వంటవాళ్ళు, పాకీవాళ్ళు. వీళ్ళ చరిత్రని రాధికా సింఘా 2020లో ఒక పెద్ద పుస్తకంగా రాశారు. అంతకుముందు నూరేళ్ళ పాటు వీళ్ళు అడుగున వేసే లెక్కల్లో తప్ప ఎక్కడా లేరు. మొత్తం మీద డెబ్బై వేలమందికి పైగా భారతీయులు ఆ యుద్ధంలో చనిపోయారు. 1916 ఏప్రిల్లో కూత్ దగ్గర ఆంగ్లేయుల సైన్యం ఐదు నెలల ముట్టడిలో ఆకలికి తాళలేక లొంగిపోయింది. వాళ్ళని విడిపించడానికి వెళ్ళిన దళాలు అంతకుముందే వేలమందిని పోగొట్టుకున్నాయి. మరుసటి ఏడు ఫిబ్రవరి 23న షుమ్రాన్ దగ్గర టైగ్రిస్ దాటి, మార్చి 11న బాగ్దాద్ పట్టుకున్నారు. పుస్తకాల్లో అది విజయం.

మా ఊరికి కబురొచ్చింది ఆ వేసవిలో. ఆవకాయ ముక్కలు కొడుతున్న రోజట. కరణం గారు కాగితం పట్టుకుని వాకిట్లోకొచ్చి చదివి చెప్పారు. వంతెన కడుతుంటే గుండు తగిలి పోయాడని. కాగితం మీద తేదీ చూస్తే, ఆయన పోయి అప్పటికే రెండు నెలలు దాటింది. ఆ రెండు నెలలూ ఆమె పసుపు రాసుకుంది, బొట్టు పెట్టుకుంది, ఆయన పేరున శుక్రవారం దీపం పెట్టింది. "ఆ రెణ్ణెల్లూ నేనేంటే మరి?" అని ఆమె ఒకసారి నన్నడిగింది. ముత్తైదువా, విధవా అని. నాకు జవాబు తెలియలేదు. శవం లేదు, చితి లేదు. అయినా పదోనాడు గోదావరి గట్టు మీద గాజులు పగలగొట్టడానికి మాత్రం ఏ ఆటంకమూ రాలేదు.

ఆయన పేరు ఎక్కడైనా రాశారా అని నేను వెతకడం మొదలుపెట్టింది రిటైరయ్యాక. ముందు బస్రా స్మారకం గురించి చదివాను. సమాధి ఎక్కడుందో తెలియని నలభై వేలమందికి పైగా సైనికుల కోసం కట్టి, 1929 మార్చి 27న ప్రారంభించారు. బస్రా దగ్గర మాకిల్ రేవులో షత్ అల్ అరబ్ ఒడ్డున ఉండేది. 1997లో సద్దాం హుసేన్ ఆజ్ఞ మీద అక్కడ నించి విప్పి, నసీరియా దారిలో ఎడారిలోకి మార్చారు. నన్ను ఆపేసింది అది కాదు. ఆ రాళ్ళ మీద ఆంగ్లేయ సైనికులందరి పేర్లూ ఉన్నాయి. భారతీయుల్లో అధికారుల పేర్లు ఉన్నాయి. మామూలు సిపాయిల పేర్లు లేవు. పటాలం పేరు రాసి, దాని కింద ఎంతమందో సంఖ్య వేశారు. అంతే.

దీన్ని కట్టించింది ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్. 1917లో, మా ఇంటికి కబురొచ్చిన ఏడే, అది పుట్టింది. చచ్చిపోయిన ప్రతివాడికీ పేరుండాలి, హోదా, జాతి, మతం తేడా ఉండకూడదు అన్నది దాని మూలసూత్రం. ఫ్రాన్సులో నూవ్ షాపెల్ దగ్గర 1927లో కట్టిన భారతీయ స్మారకం మీద 4,700కి పైగా పేర్లు, సిపాయిలవీ సహా, చెక్కి ఉన్నాయి. తెల్లవాళ్ళ కళ్ళ ముందు చస్తే పేరు, ఎడారిలో చస్తే అంకె. 2021లో ఆ కమిషనే ఒక నివేదిక వేసి ఒప్పుకుంది. ఆసియా, ఆఫ్రికాలకి చెందిన 45,000 నించి 54,000 మందిని మిగతావాళ్ళతో సమానంగా స్మరించలేదని, మరో 1,16,000 మందికి, బహుశా ఇంకా చాలా ఎక్కువమందికే, పేరుతో స్మారకం లేదని, దీని వెనక ఆనాటి జాతి దురభిప్రాయాలున్నాయని రాసింది. క్షమాపణ కూడా చెప్పింది.

ఢిల్లీలో 1931లో తెరిచిన ఇండియా గేట్ కూడా ఆ డెబ్బై వేలమంది కోసం కట్టిందే. దాని మీద ఉన్నవి పదమూడు వేల పైచిలుకు పేర్లు. కాలేజీ పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్ళినప్పుడు రెండుసార్లు ఆ రాతి కింద నిలబడి ఐస్‌క్రీము తిన్నాను. తలెత్తి చదవలేదు.

ఇప్పుడు కమిషన్ వెబ్ జాబితాలో సిపాయిల పేర్లు దొరుకుతున్నాయి. వెతికాను. మనవాళ్ళ పేర్లని ఎవరో పరదేశపు గుమాస్తా విన్నది విన్నట్టు రాసుకున్నాడు. ఒకే పేరు నాలుగు రకాల స్పెల్లింగుల్లో ఉంది. ఇంటిపేరు లేదు. అలాంటివాళ్ళు చాలామంది కనిపించారు. పట్టాళం నంబరు తెలిస్తే ఒక్క నిమిషంలో తేలిపోయేది. ఆ నంబరు తడబడకుండా చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి 1975లో వెళ్ళిపోయింది. నాన్నకి పేరు గుర్తుంది గానీ నంబరు గుర్తులేదు. ఆయన పని పేరు వరకే.

ఇక్కడితో ఆపితే ఇది తెల్లవాళ్ళు చేసిన అన్యాయం గురించిన కథ అవుతుంది. అది నిజమే గానీ సగం నిజం. మిగతా సగం ఆ పింఛను కాగితంలో ఉంది. 'మళ్ళీ మనువాడలేదు' అన్న ముక్కలో.

మాది మారుమనువు ఆచారం ఉన్న కులం. 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపిస్తే, ఊరు ఊరంతా తిరగబడిందని చదువుకున్నాం. ఆ పోరాటాన్ని తక్కువ చేయను. కానీ అదే గోదావరి ఒడ్డున, మాలాంటి కులాల్లో మొగుడు పోయిన పిల్లకి మళ్ళీ మనువు చేయడం అప్పటికే మామూలు. పద్దెనిమిదేళ్ళకే విధవైన పెద్దమామ్మకీ సంబంధం వచ్చింది. పక్క ఊరి రైతు, భార్య పోయినవాడు. ఆమె పుట్టింటివాళ్ళు సరేనన్నారు. అత్తింటివాళ్ళు ఒప్పుకోలేదు. మనువాడితే పింఛను ఆగిపోతుంది. అప్పు ఇంకా తీరలేదు. మా ముత్తాత ఆమెని కూర్చోబెట్టి, "నా కొడుకు ప్రాణం ఖరీదు ఇది. నువ్వెళ్ళిపోతే అదీ పోద్ది" అన్నాడట. మా ఇంట్లో దీన్ని ఆమె త్యాగం అని చెప్పుకునేవాళ్ళు. మా తాత చదువు, మా మొదటి ఎకరం పొలం ఆ డబ్బుతోనే. అంటే నా చదువు కూడా అందులోంచి వచ్చిందే.

పంజాబ్, హర్యానాల్లో ఇదే కథ ఇంకో రూపంలో నడిచింది. అక్కడ సిపాయి భార్యని మరిదికిచ్చి ముడిపెట్టే 'కరేవా' ఆచారాన్ని ఆంగ్ల ప్రభుత్వమే ఎలా వెనకేసుకొచ్చిందో ప్రేమ్ చౌదరి వివరంగా రాశారు. భూమీ, మనిషీ ఇల్లు దాటిపోకూడదు. సైన్యానికి మనుషుల్నిచ్చే కుటుంబాలు చెదరకూడదు. మా ఇళ్ళలో మరిది కొడుకుతో సమానం కాబట్టి పెద్దమామ్మకి ఆ గండం తప్పింది. ఇంట్లో కట్టేసే పని పింఛను చేసింది.

పరాయి పాలన కదా అని సరిపెట్టుకుందామా? స్వతంత్ర భారతంలో శౌర్య పతకాలు పొందిన సైనికుల వితంతువులకి ఇచ్చే నెలసరి భత్యానికి ఒక నిబంధన ఉండేది. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే భత్యం ఆగిపోతుంది. చనిపోయిన భర్త సోదరుణ్ణి చేసుకుంటే మాత్రం ఆగదు. దాన్ని రక్షణ శాఖ తీసేసింది ఎప్పుడో తెలుసా? 2017 నవంబరులో. పెద్దమామ్మకి కబురొచ్చిన సరిగ్గా నూరేళ్ళకి. కార్గిల్ యుద్ధంలో 527 మంది చనిపోయినప్పుడు, వాళ్ళ భార్యల్ని టీవీల్లో వీరపత్నులన్నాం. ఆ నిబంధన అప్పుడూ ఉంది.

నేను డిగ్రీలో చేరిన ఏడు, ఆమె పోవడానికి కొన్ని నెలల ముందు, ఒక మధ్యాహ్నం పెద్దమామ్మ తల దువ్వుతూ అడిగాను. ఆయన ఎలా ఉండేవాడు మామ్మా అని. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత అంది. "మొహం గుర్తులేదే అమ్మాయ్. ఎనిమిది నెలలేగా. అందులో పగలెప్పుడు చూశాను? చేతులు గుర్తున్నాయి. కాయలు కాసి ఉండేవి." ఇంకాసేపాగి, "మొహం మర్చిపోయానని ఎవరికీ చెప్పకు. పింఛను తీసుకుంటన్నాను కదా" అంది.

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది. గుర్తుపెట్టుకోవడాన్ని మనం ప్రేమ అనుకుంటాం. ఆమెకి అది ఉద్యోగం. జీతం ఇచ్చినవాళ్ళు ఏడాదికోసారి హాజరు వేసుకునేవాళ్ళు. మొగుడితోపాటు, అతన్ని మర్చిపోయి ఇంకో బతుకు బతికే వీలు కూడా యుద్ధం ఆమె నించి తీసుకుంది. దాన్ని ఏ స్మారకం లెక్కలోకి తీసుకుంటుంది? 2019 ఫిబ్రవరిలో ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు. స్వాతంత్ర్యం తరవాత పోయిన పాతికవేలమందికి పైగా సైనికుల పేర్లు ఒక్కొక్కటీ చెక్కారు. మంచి పని. బస్రాలో చేయనిది ఇక్కడ చేశారు. ఆ పేర్లలో చాలావాటి వెనక ఏ ట్రెజరీలోనో, ఏ బ్యాంకులోనో వరసలో నిలబడ్డ ఒక ఆడమనిషి ఉంది. ఆ గోడ ముందు నిలబడినప్పుడు ఆ సంగతి కూడా గుర్తుండాలని నా కోరిక.

ఈ వ్యాసం రాస్తూ మా తమ్ముడికి ఫోన్ చేశాను. పెద్దమామ్మ పింఛను పుస్తకం ఏమైనా ఉందేమో చూడమన్నాను. పాత భోషాణం అంతా వెతికి ఒక చిరిగిన అట్ట దొరికిందన్నాడు. ఆయన పేరు చదవడానికొస్తోంది, నంబరు దగ్గర చెదలు తినేసింది. మరి ఆవిడ పేరో అన్నాను. వాడు కాసేపు కళ్ళజోడు సవరించుకుని చూసి చెప్పాడు. "ఆవిడ పేరు లేదక్కా. 'భార్య' అని ఉంది."